పైలట్ల కొరత అంటారు, మూడు వేల గంటలున్న ఏటీఆర్ కెప్టెన్‌కి మాత్రం పిలుపు రాదు. ఎందుకు?

గోదావరి_ఏటీఆర్:

అందరికీ నమస్తే. ఇక్కడ ఎయిర్‌లైన్స్‌లో చేస్తున్నవాళ్ళు, చేసి బయటికొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

నేను ఏటీఆర్ 72 (చిన్న ఊళ్ళకి తిరిగే ప్రొపెల్లర్ విమానం, టర్బోప్రాప్ అంటారు) మీద ముందు ఫస్ట్ ఆఫీసర్‌గా (ఎఫ్ఓ, అంటే కో-పైలట్), తర్వాత కెప్టెన్‌గా చేశాను. మొత్తం మూడు వేల గంటల పైమాటే, అందులో వెయ్యికి పైగా కమాండ్ (కెప్టెన్‌గా ఎగిరినవి). ఏటీపీఎల్ (ఎయిర్‌లైన్ పైలట్ల పై స్థాయి లైసెన్స్) ఉంది, ఒక్క ఇన్సిడెంట్ లేదు, ఒక్క చెక్ (పైలట్లకి పెట్టే పరీక్ష) ఫెయిలవ్వలేదు. నేను చేసే కంపెనీ మూతపడింది (పేరు అనవసరం, చివరి నెలల జీతం మాత్రం ఇప్పటికీ రాలేదు). అదే టైములో నేను ప్రెగ్నెంట్, ఎలాగూ మెడికల్ టెంపరరీ అన్‌ఫిట్ కాబట్టి కంపెనీ ఉన్నా లేకపోయినా నేలమీదే ఉండేదాన్ని. బాబు పుట్టాక మళ్ళీ క్లాస్ 1 మెడికల్ చేయించుకుని ఫిట్ తెచ్చుకున్నా. ఖాళీగా కూర్చోకుండా ఒక ఫ్లయింగ్ స్కూల్లో పిల్లలకి మెటియరాలజీ, నావిగేషన్ చెప్తున్నా.

ఇప్పుడు అసలు బాధ. ఒక కంపెనీ పోర్టల్‌లో విమానం టైప్ అనే బాక్సులో రెండే ఆప్షన్లు, ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737, రెండూ జెట్‌లే. ఏటీఆర్ అన్న మాటే లేదు. సరే అని 'ఇతరములు' నొక్కితే తర్వాతి పేజీలో 'టైప్ మీద పీఐసీ గంటలు' (ఆ రకం విమానాన్ని కెప్టెన్‌గా నడిపిన గంటలు) అని మళ్ళీ అడుగుతుంది, అక్కడ సున్నా కొడితే బాక్సు చుట్టూ ఎర్ర గీత వచ్చేసి ముందుకి పోనివ్వదు. నా లాగ్‌బుక్ ఎవరైనా మనిషి చూసి వద్దన్నాడంటే సరే అనుకుంటా, నాది మనిషి దాకా వెళ్ళనే లేదు.

ఇంకోచోట ఎఫ్ఓ పోస్టుకే అప్లై చేశా. కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు వదిలేసి ఎఫ్ఓ కూర్చునే కుడి సీట్లో కూర్చోవడానికి నాకేం నామోషీ లేదు. వాళ్ళు ఫోన్ చేసి ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ మార్కులు అడిగారు, మార్కులు బానే ఉన్నాయి చెప్పా, అప్పుడేమో మీరు ఈ పోస్టుకి ఓవర్ క్వాలిఫైడ్ అన్నారు, పైగా మీరు చివరిసారి ఎగిరిన డేట్ పాతదైపోయింది అన్నారు. ఒకే ఫోన్ కాల్‌లో అనుభవం ఎక్కువైందీ నాకే, తక్కువైందీ నాకే!

పోనీ ఏటీఆర్ కెప్టెన్ ఓపెనింగ్‌కే వెళ్దామంటే కింద ఒక లైన్, గత 12 నెలల్లో టైప్ మీద ఎగిరి ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది నా పరిస్థితి.

ఇంకో పక్క పేపర్ తీస్తే రోజూ పైలట్ల కొరత వార్తలే. 2023లో ఎయిరిండియా 470 విమానాలు, ఇండిగో ఒకేసారి 500 ఆర్డర్ చేశాయి. మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారే విమానయాన మంత్రి, వచ్చే పదిహేను ఇరవై ఏళ్ళలో 30 వేల మంది పైలట్లు కావాలని ఆయనే చెప్పారు. డ్యూటీ టైమ్ రూల్స్ మారాక 2025 డిసెంబర్‌లో ఇండిగో వేలకొద్దీ ఫ్లైట్లు క్యాన్సిల్ చేసినప్పుడు మా అత్తగారు టీవీ చూస్తూ 'ఇంతమంది కావాలంటున్నారు కదమ్మా, నిన్నెందుకు పిలవట్లేదు' అని అడిగారు. ఆవిడకి ఏం చెప్పాలో నాకు తెలీలేదు, అదే ఇక్కడ అడుగుతున్నా.

సొంత డబ్బులతో ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేసెయ్యమంటారా? మా ఆయన లోన్ తీద్దాం అంటున్నారు. లేక ఏటీఆర్‌నే పట్టుకుని ఉండాలా? బయటి దేశాల్లో ఎలా ఉంది? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

కరీంనగర్_సీపీఎల్:

అక్కా మీ పోస్టు చదివినంక నాకు భయమైతుంది. నాది 200 గంటల సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్), మా నాయిన రెండెకరాలు అమ్మి చదివించిండు. 2023ల దేశం మొత్తం మీద 1,600కు పైగా సీపీఎల్‌లు ఇచ్చిండ్రు, అంతమందికి సీట్లు యాడున్నయి. ఒక్క నోటిఫికేషన్ పడితె వేలమందిమి ఎగబడుతం, దాని కోసం రాత్రింబగళ్ళు కాంపాస్ టెస్టు (పైలట్ల ఎంపికకు పెట్టే కంప్యూటర్ పరీక్ష) ప్రాక్టీస్ చేసుడే.

ఒక్క మాట అడుగుత, తప్పుగ అనుకోకుండ్రి. మీ అసొంటి సీనియర్లు వచ్చి ఎఫ్ఓ పోస్టుల కూసుంటె మా గతేంది? మీకన్న లాగ్‌బుక్కుల గంటలున్నయి, మాకు గదీ లేదు.

గోదావరి_ఏటీఆర్:

తమ్ముడూ తప్పుగా ఏం అనుకోలేదు, నువ్వు అడిగింది న్యాయమే. నేను కావాలని నీ సీటుకి రావట్లేదు, నా సీటు దగ్గర తలుపు మూసేశారు కాబట్టి పక్క తలుపు కొడుతున్నా. అనుభవం ఉన్నవాళ్ళని అనుభవానికి తగ్గ చోట తీసుకుంటే కింద నీకు చోటు దానంతటదే దొరుకుతుంది. ఐఆర్ (ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, బయట కనపడకపోయినా మీటర్లు చూసి ఎగిరే అర్హత) మాత్రం లాప్స్ అవ్వనివ్వకు.

సిమ్_గది_మనిషి:

కెప్టెన్ గారూ నమస్తే. నేను ఒక ఎయిర్‌లైన్ ట్రైనింగ్‌లో ఏ320 ఇన్‌స్ట్రక్టర్‌ని, ఎక్కడో చెప్పను. మీ అత్తగారు అడిగిన ప్రశ్నకి నాకు తెలిసిన జవాబు చెప్తా.

కొరత ఉంది, అబద్ధం కాదు. కానీ అది పైలట్ల కొరత కాదండి, కెప్టెన్ల కొరత, అందులోనూ ఫలానా విమానం మీద ఇవాళ రోస్టర్‌లో వేస్తే రేపు పొద్దున్నే బయల్దేరగల కెప్టెన్ల కొరత. మీరు చెప్పిన డిసెంబర్ గొడవే చూడండి. 2025 నవంబర్ 1 నుంచి రెండో విడత రూల్స్ వచ్చాయి, ఒక పైలట్‌కి రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకి తగ్గించారు, వారం రెస్టు 36 గంటల నుంచి 48కి అప్పటికే జూలైలో పెంచారు. రూల్ మంచిదే, అలిసిపోయిన పైలట్ చేతికి విమానం ఇవ్వకూడదు. కానీ దాని వల్ల రాత్రికి రాత్రి కావాల్సి వచ్చింది ఆ టైప్ మీద కరెంట్‌గా (అంటే ఈ మధ్యే ఎగిరి, చెక్‌లు పాసై) ఉన్నవాళ్ళు. ఆ రోజు మిమ్మల్ని తీసుకున్నా ఆ రోజుకి మీరు పనికిరారు, సారీ, అలా అనాల్సి వస్తోంది. మిమ్మల్ని అంతకు ఏడాది ముందు తీసుకుని ఉండాల్సింది, ఎవరూ తీసుకోలేదు, తప్పు అక్కడుంది.

ఎందుకు తీసుకోలేదంటే, ఒక ఏటీఆర్ కెప్టెన్‌ని ఏ320కి మార్చాలంటే గ్రౌండ్ స్కూల్, ఆ టైప్ మీద టెక్నికల్ పరీక్ష, తర్వాత సిమ్యులేటర్ (నేలమీద ఉండే నకిలీ కాక్‌పిట్, సిమ్ అంటాం) సెషన్లు, స్కిల్ టెస్టు, ఆపైన లైన్ మీద ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని సూపర్‌వైజ్డ్ ఫ్లయింగ్, అన్నీ కలిపి నెలలు పడుతుంది. మా సిమ్‌లు ఇరవైనాలుగు గంటలూ తిరుగుతూనే ఉంటాయి, అర్ధరాత్రి రెండింటి స్లాట్ కూడా ఖాళీ ఉండదు. ఆ ఇన్‌స్ట్రక్టర్లు, ఎగ్జామినర్లు ఎక్కడి నుంచో ఊడిపడరు, లైన్ మీద ఎగరాల్సిన కెప్టెన్లనే లాక్కొచ్చి సిమ్‌లో కూర్చోబెట్టాలి. కొరతలో ఉన్న కంపెనీకి ట్రైనింగ్ ఇచ్చే మనుషులకే ముందు కొరత వస్తుంది.

ఇక ఆ స్లాట్ ఎవరికి ఇవ్వాలి అన్నప్పుడు లెక్కలవాళ్ళు చూసేది వేరే. క్యాడెట్ కుర్రాడు (కొత్తగా నేర్చుకుని చేరేవాడు) కోటి రూపాయల దాకా తన డబ్బే పెట్టుకుని వస్తాడు, బాండ్ రాస్తాడు, సీనియారిటీ లిస్టులో అట్టడుగున చేరతాడు, ఎవరికీ అడ్డు రాడు. మీరొస్తే జీతం ఎక్కడ ఫిక్స్ చెయ్యాలి, కమాండ్ ఎప్పుడివ్వాలి అని మొదలవుతుంది. మీకు ముందే కమాండ్ ఇస్తే ఏళ్ళుగా కాచుకున్న మా ఎఫ్ఓలు ఊరుకోరు, అందులో వాళ్ళ తప్పు కూడా లేదు. అందుకని ఏదో ఒక గీత గీసేసి పోర్టల్‌లో పెట్టేస్తారు, టైప్ మీద ఇన్ని గంటలు, ఇన్ని నెలల్లోపు ఎగిరి ఉండాలి అని. ఇన్సూరెన్స్ వాళ్ళకీ చూపించడానికి బావుంటుంది.

నోటీస్ పీరియడ్ సంగతి కూడా కలపాలి. 2017లో డీజీసీఏ (మన విమానయాన నియంత్రణ సంస్థ) కెప్టెన్లకి ఏడాది, ఎఫ్ఓలకి ఆర్నెల్లు అని పెట్టింది. కాబట్టి కరెంట్‌గా ఉన్న కెప్టెన్‌ని పక్క కంపెనీ నుంచి తెచ్చుకోవాలన్నా ఏడాది ఆగాలి. ఏడాది ఎలాగూ ఆగుతున్నప్పుడు ఆ టైములో ఇద్దరు టర్బోప్రాప్ కెప్టెన్లని తయారు చేసుకోవచ్చు కదా అని నేను మీటింగుల్లో చాలాసార్లు అన్నా. వింటారు, రాసుకుంటారు, అంతే.

నేను చూసింది ఒకటి చెప్పాలి మీకు. ఏటీఆర్ నుంచి వచ్చినవాళ్ళకి మొదటి రెండు మూడు సెషన్లు సైడ్‌స్టిక్ (పక్కన ఉండే చిన్న కంట్రోల్ కర్ర) చేతికి కొత్తగా ఉంటుంది. ఇంకోటి, ఏటీఆర్‌లో ఆటోథ్రాటిల్ (ఇంజన్ పవర్‌ని తనంతట తానే సర్దే ఏర్పాటు) లేదు, పవర్ లీవర్ల మీద నుంచి చెయ్యి తియ్యరు, ఎయిర్‌బస్‌లో ఆటోథ్రస్ట్ పనిచేస్తున్నా లీవర్లు కదలవు, ఇంజన్ పవర్ మారుతుంటే చేతి కింద ఏమీ తెలీదు, అది నమ్మడానికి వాళ్ళకి టైం పడుతుంది. ఎత్తు మీద నుంచి దిగేటప్పుడు స్పీడ్ తగ్గించే లెక్క కూడా మారుతుంది, జెట్ అంత తేలిగ్గా తగ్గదు. కానీ టేకాఫ్‌లో వీ1 (ఇక టేకాఫ్ ఆపకూడని స్పీడ్) దాటగానే ఇంజన్ ఫెయిల్ చేసి చూడండి, వాళ్ళ కాలు చెప్పకుండానే సరైన రడ్డర్ పెడల్ మీద పడుతుంది, ముక్కు గీత తప్పదు. ప్రొపెల్లర్ విమానం ఒక పక్కకి లాగేస్తే పట్టుకున్న కాళ్ళు అవి. 200 గంటల పిల్లలకి అది రావడానికి ఎన్ని సెషన్లు పడుతుందో నాకు తెలుసు. కాబట్టి మీ అనుభవం జెట్‌కి పనికిరాదు అని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ మాట పోర్టల్ అంటుంది, సిమ్ అనదు.

సొంత డబ్బుతో ఏ320 రేటింగ్ మాత్రం వద్దు. పాతిక లక్షల దాకా పోతుంది, చేతికొచ్చేది రేటింగ్, గంటలు కాదు. 'టైప్ మీద 500 గంటలు' అన్న చోట మీ సున్నా సున్నాగానే ఉంటుంది, ఉద్యోగం రాకపోతే ఆ రేటింగ్‌ని కూడా మళ్ళీ కరెంట్‌గా ఉంచుకునే గోలే.

దుండిగల్_పాతకాపు:

సిమ్ గారు చెప్పింది నిజం, నేను ఇంకో వైపు నుంచి చెప్తా. నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఏఎన్-32 రవాణా విమానం మీద కెప్టెన్‌గా చేసి బయటికొచ్చినవాణ్ణి. లేహ్‌లో దిగాను, అరుణాచల్ లోయల్లో చిన్న చిన్న స్ట్రిప్పుల మీద దిగాను. సివిల్‌కి వచ్చినప్పుడు నన్ను కుడి సీట్లో, నాకన్నా చాలా చిన్నవాడైన కెప్టెన్ పక్కన కూర్చోబెట్టారు. అమ్మా, ఆ మొదటి ఏడాది కష్టంగానే ఉంటుంది, నేను కాదనను, కానీ ఆ కుర్రాడికి ఎయిర్‌బస్ గురించి నాకన్నా ఎక్కువ తెలుసు, నేను నేర్చుకున్నా. కాబట్టి ఎఫ్ఓగా వెళ్తానన్న మీ నిర్ణయం సరైందే.

వాళ్ళు ఓవర్ క్వాలిఫైడ్ అన్నారంటే అసలు భయం ఏంటంటే ఆరు నెలలకే మీరు కమాండ్ అడుగుతారు, లేదా గంటలు కట్టుకుని గల్ఫ్‌కి పోతారు అని. దాన్ని మీరే ముందు తీసెయ్యాలి. కవర్ లెటర్‌లో మొదటి పేరాలోనే రాయండి, చేరిన తేదీ ప్రకారం సీనియారిటీకి ఒప్పుకుంటున్నాను, కమాండ్ కంపెనీ పద్ధతి ప్రకారమే, బేస్ ఎక్కడిచ్చినా వెళ్తాను అని (ఈ మూడోది బాబుతో కుదురుతుందో లేదో ఇంట్లో కూర్చుని తేల్చుకున్నాకే రాయండి). పోర్టల్‌తో పాటు ఫ్లైట్ ఆపరేషన్స్‌కి కూడా విడిగా పంపండి, ఒకటే పేజీ, టోటల్, పీఐసీ, మల్టీ క్రూ, రాత్రి గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ గంటలు, చివరి చెక్ డేట్. హెచ్ఆర్‌లో ఉండే పిల్లలకి ఏటీఆర్‌కీ సెస్నాకీ తేడా తెలియక్కర్లేదు, చీఫ్ పైలట్‌కి తెలుస్తుంది.

ఇంకో సంగతి. 2012లో కింగ్‌ఫిషర్ ఆగినప్పుడు, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగినప్పుడు, 2023 మేలో గో ఫస్ట్ ఆగినప్పుడు మూడుసార్లూ ఒకే వరస చూశా. 320, 737 వాళ్ళని ఎవరో ఒకరు తొందరగానే తీసుకెళ్ళారు. కింగ్‌ఫిషర్‌లోనూ జెట్‌లోనూ ఏటీఆర్‌లు కూడా ఉండేవి, వాటి మీద చేసినవాళ్ళు ఎక్కువ కాలం ఖాళీగా తిరిగారు, కొందరు వ్యాపారాల్లోకి పోయారు, మంచి చేతులు, వృథా అయిపోయాయి. మనవాళ్ళు కడపకీ రాజమండ్రికీ తిరుపతికీ విమానం వచ్చిందని సంబరపడతారు, ఆ ఊళ్ళని మొదట కలిపింది ఎక్కువగా ఈ టర్బోప్రాప్‌లే, వాటిని నడిపినవాళ్ళకి తర్వాత ఇలా జరుగుతుందంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

సిమ్ చెక్‌కి పిలిస్తే మాత్రం రా డేటా ఐఎల్ఎస్ (ఆటోమేటిక్ సాయం లేకుండా రన్‌వే రేడియో సంకేతాలు చూసుకుంటూ దిగడం) బాగా ప్రాక్టీస్ చేసి వెళ్ళండి. ఫ్లైట్ డైరెక్టర్ ఆఫ్, ఆటోపైలట్ ఆఫ్, మామూలుగా అదే ఇస్తారు. స్కాన్ (మీటర్లన్నీ వరసగా చూసే అలవాటు) ఒకటే తుప్పు పడుతుంది, మిగతాదంతా చేతిలో ఉంటుంది.

డల్లాస్_తెలుగోడు:

బయటి దేశాల గురించి అడిగారు కదా, అమెరికా వైపు నుంచి నేను చెప్తాను. నేను ఇక్కడ రీజనల్‌లో (చిన్న ఊళ్ళకి తిప్పే ఎయిర్‌లైన్) ఎఫ్ఓని, గ్రీన్ కార్డ్ వచ్చాకే ఇందులోకి వచ్చాను. ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ పని చేసుకునే హక్కు లేకపోతే మిగతా అర్హతలు ఎన్నున్నా ముందుకి కదలదు, ఎయిర్‌లైన్లు మామూలుగా పైలట్లకి వీసా స్పాన్సర్ చెయ్యవు. ఎవరైనా చేయిస్తామని డబ్బులు అడిగితే దయచేసి నమ్మకండి.

ఇక్కడ గీత 1500 గంటల దగ్గర ఉంటుంది. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 ఫ్లైట్ కూలింది, 50 మంది పోయారు, ఆ కుటుంబాలు పోరాడితే 2010లో చట్టం వచ్చింది, 2013 నుంచి ఎఫ్ఓకి కూడా ఏటీపీ (ఇక్కడి ఏటీపీఎల్) ఉండాల్సిందే. మిలటరీవాళ్ళకి 750, ఏవియేషన్ డిగ్రీ ఉన్నవాళ్ళకి 1000 అని కొంత తగ్గింపు ఉంది. ఆ కూలిన విమానం టర్బోప్రాపే, ఇద్దరు పైలట్లకీ 1500 కన్నా ఎక్కువ గంటలున్నాయి. స్టాల్ వార్నింగ్ (రెక్కలు విమానాన్ని మొయ్యలేకపోతున్నాయన్న హెచ్చరిక) వచ్చినప్పుడు ఏం చేశారు, అలసట, ట్రైనింగ్, ఇవీ దర్యాప్తులో తేలినవి. రూల్ మాత్రం గంటల మీద పడింది. దీని మీద ఇక్కడ ఇప్పటికీ వాదనలే, నేను ఆ కుటుంబాల వైపే ఉంటాను, గంటలతో పాటు మిగతా ట్రైనింగ్ రూల్స్ కూడా ఆ పోరాటం వల్లే వచ్చాయి.

మీకు పనికొచ్చే తేడా ఏంటంటే, ఇక్కడ ఆ 1500లో టర్బోప్రాప్ గంట కూడా గంటే. కెప్టెన్ అవ్వాలంటే మాత్రం ఎయిర్‌లైన్‌లో ఎఫ్ఓగా 1000 గంటలు చెయ్యాలి. 2022, 23లో ఇక్కడ కూడా కెప్టెన్లు దొరక్క రీజనల్స్ పెద్ద పెద్ద బోనస్‌లు ఇచ్చాయి. డెల్టా 2022 జనవరిలో నాలుగేళ్ళ డిగ్రీ ఉండి తీరాలన్న రూల్ తీసేసింది. అంటే అవసరం గట్టిగా పడితే అర్హతలు కదులుతాయి, ఏళ్ళ తరబడి భద్రత కోసమే అన్న గీతల్లో కొన్ని భద్రతవి కావని అప్పుడే తెలుస్తుంది. 2024 వచ్చేసరికి మళ్ళీ నెమ్మదించింది, స్పిరిట్ పైలట్లని ఇంటికి పంపింది, ఎయిర్‌బస్ మీద వేల గంటలున్నవాళ్ళు ఇంకో కంపెనీలో చేరి లిస్టులో అడుగు నుంచి మొదలుపెట్టారు. ఇక్కడ కంపెనీ మారితే ఎంత పెద్ద కెప్టెన్ అయినా చేరిన రోజే పుట్టిన రోజు.

యూరప్ వైపు చూడకండి, మీ డీజీసీఏ ఏటీపీఎల్ పట్టుకెళ్ళి అక్కడ లైసెన్స్ కావాలంటే థియరీ పరీక్షలన్నీ మళ్ళీ రాయాలి, పదమూడు పేపర్లు. గల్ఫ్‌లో ఐకావో (అంతర్జాతీయ విమానయాన సంస్థ) సభ్య దేశం ఇచ్చిన ఏటీపీఎల్ చాలు కానీ పెద్ద కంపెనీలు జెట్ గంటలే అడుగుతాయి, అక్కడా మీరు ఇదే గోడ దగ్గరికి వస్తారు.

విశాఖ_క్యూ400:

మేడమ్, నేను టర్బోప్రాప్ మీదే, మధ్యలో ఆరోగ్యం బాగోక ఆగిపోయి మళ్ళీ లైన్ మీదకి వచ్చాను. మీకు అన్నిటికన్నా ముందు కావాల్సింది ఏటీఆర్ మీద మళ్ళీ కరెంట్ అవ్వడం. ఏ320 తర్వాత సంగతి.

మీ దగ్గర ఉన్న ఆస్తి ఆ రేటింగూ ఆ వెయ్యి గంటల కమాండూ. దేశంలో ఏటీఆర్‌లు తగ్గట్లేదు, అలయన్స్ ఎయిర్‌కి ఉన్నాయి, ఇండిగో 2017 చివర్లో మన హైదరాబాద్ నుంచే ఏటీఆర్‌లు మొదలుపెట్టింది, గోవాకి చెందిన ఫ్లై91 వాళ్ళు 2024లో మొదలుపెట్టారు, హైదరాబాద్‌కి కూడా తిరుగుతున్నారు. వీళ్ళందరికీ ఏటీఆర్ కమాండ్ ఉన్నవాళ్ళు కావాలి, మీ దగ్గర లేనిది రీసెన్సీ (ఈ మధ్యకాలంలో ఎగిరి ఉండడం) ఒక్కటే. కాబట్టి ఖర్చు పెడితే దాని మీద పెట్టండి. గ్రౌండ్ రిఫ్రెషర్, ఏటీఆర్ సిమ్‌లో సెషన్లు, ఐఆర్‌తో కలిపి ప్రొఫిషియెన్సీ చెక్. ఇక్కడ స్లాట్ దొరక్కపోతే సింగపూర్‌లో ఏటీఆర్ వాళ్ళ ట్రైనింగ్ సెంటర్ ఉంది. ఏది చేసినా ముందు డీజీసీఏకి రాసి ఆ సిమ్యులేటర్‌కి, ఆ ఎగ్జామినర్‌కి అనుమతి ఉందని కాగితం మీద తెచ్చుకోండి, నోటి మాట మీద వెళ్ళకండి. నాకు తెలిసిన ఒకాయన బయట చేసుకొచ్చిన చెక్ ఇక్కడ చెల్లలేదు, డబ్బులు పోయాయి. లక్షల్లోనే అవుతుంది కానీ పాతిక లక్షల కన్నా చాలా తక్కువ, దాంతో మీ 'చివరి చెక్' డేట్ కొత్తదవుతుంది. చివరి ఫ్లైట్ డేట్ పాతదే అయినా ఆ కాగితం పట్టుకుని ఫ్లైట్ ఆపరేషన్స్ వాళ్ళతో మాట్లాడొచ్చు. ఏదీ లేకుండా మాట్లాడ్డం వేరు.

బ్రోకర్ల దగ్గరికి మాత్రం పోవద్దు. ఫలానా కంపెనీలో మా మనిషి ఉన్నాడు, ఇంత కట్టండి అని వాట్సాప్‌లో తిరిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు, కరీంనగర్ తమ్ముడూ నీక్కూడా చెప్తున్నా. నాయన పొలం డబ్బులు జాగ్రత్త.

గోదావరి_ఏటీఆర్:

అందరికీ చాలా థాంక్స్, ఇంత ఓపిగ్గా ఎవరూ చెప్పలేదు నాకు. ఏ320 లోన్ ఆలోచన మానేశాం, రాత్రి మా ఆయనకి సిమ్ గారి పోస్ట్ చదివి వినిపించా. విశాఖ గారు చెప్పినట్టు ముందు ఏటీఆర్ రిఫ్రెషర్ సంగతి చూస్తా, డీజీసీఏకి మెయిల్ రాసేశా.

ఒక్క విషయం మాత్రం నా మనసులో ఉండిపోయింది, అది కూడా రాస్తా. మన దేశంలో పైలట్లలో ఆడవాళ్ళు 15 శాతం దాకా ఉన్నారు, ప్రపంచంలో సగటు చూస్తే 5 శాతం దగ్గరే, ప్రతి మహిళా దినోత్సవానికీ ఈ లెక్క చెప్పి అందరూ గర్వపడతారు. మంచిదే. కానీ ఆ 15 శాతంలో పిల్లల్ని కనేవాళ్ళు ఉంటారు, కన్న ప్రతి ఒక్కరికీ నెలల తరబడి ఫ్లయింగ్ ఉండదు, అది రూల్ ప్రకారమే ఉండదు. ఉద్యోగంలో ఉండగా కంటే కంపెనీయే రిఫ్రెషర్ ఇచ్చి మళ్ళీ సీట్లో కూర్చోబెడుతుంది. నాలాగా అదే టైములో కంపెనీ పోతే ఆ 12 నెలల లైన్ దగ్గర ఆగిపోవాల్సిందే, ఎందుకు ఎగరలేదు అని అడిగే బాక్సే లేదు అక్కడ. మెటర్నిటీ కాలాన్ని ఆ 12 నెలల లెక్కలోంచి తీసెయ్యమని అడుగుతున్నా, చెక్ పెట్టండి, కఠినంగానే పెట్టండి, పాసవ్వకపోతే పంపెయ్యండి. మంత్రి గారి ఆఫీసుకి ఒక లెటర్ రాద్దామనుకుంటున్నా, ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే మెసేజ్ చెయ్యండి, కలిసి సంతకాలు పెడదాం.

దుండిగల్ గారూ, ఆ ఒక పేజీ సమ్మరీలో ఎఫ్ఓ గంటలూ పీఐసీ గంటలూ విడిగా చూపించాలా, టైప్ వారీగా చూపించాలా?

దుండిగల్_పాతకాపు:

టైప్ వారీగా వరసలు, ప్రతి వరసలో పీఐసీ, ఎఫ్ఓ విడి విడి గడులు. ఈ-లాగ్‌బుక్‌తో ఒక్క గంట కూడా తేడా రాకూడదు, వాళ్ళు మొదట సరిచూసేది అదే. నా ఫార్మాట్ మెసేజ్‌లో పంపుతున్నా, చూసుకోండి. లెటర్‌కి నా సంతకం కూడా పెట్టించుకోండి, మా బ్యాచ్‌లో ఇద్దరు ఆడపిల్లలది ఇదే పరిస్థితి, వాళ్ళకీ చెప్తా.

కరీంనగర్_సీపీఎల్:

అక్కా లెటర్ తెలుగుల, ఇంగ్లీషుల రెండిట్ల టైపు చేసుడు నేను చేస్త. పంపుండ్రి.